కొవ్వుతో రొమ్ము పునర్నిర్మాణం: ఎన్టీఆర్ వైద్య సేవ అప్రూవల్‌కు ఫైల్ ఎలా సిద్ధం చేసుకోవాలి

క్యాన్సర్‌కు రొమ్ము తీసేశాక, పొట్ట దగ్గరో తొడ దగ్గరో కొవ్వు తీసి ఆ లోటు పూడుస్తారని తెలిసినప్పుడు మా చిన్నమ్మ కావలి నుంచి ఫోన్ చేసింది. "డబ్బుల సంగతి తర్వాత చూద్దాం. ఆ కొవ్వు మళ్లీ క్యాన్సర్‌ను లేపదు కదా?" అని మొదట అడిగింది అదే. అందుకే ముందు ఆ భయం సంగతి చెప్పి, తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) దరఖాస్తులోకి వెళ్తాను.

ఆ భయం డాక్టర్లకూ ఉండేది. ఎక్కించిన కొవ్వులో ఏర్పడే సున్నపు చుక్కల వల్ల మామోగ్రామ్‌లో (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) అసలు క్యాన్సర్ కనిపెట్టలేమేమోనని, 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ఈ పద్ధతి వద్దంది. 2009లో అదే సంఘం పట్టు సడలించింది. 2016లో హ్యూస్టన్‌లోని ఎం.డి. యాండర్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు, కొవ్వు ఎక్కించిన 719 రొమ్ములను ఎక్కించని వాటితో పోల్చి చూశారు. ఎక్కించిన చోట క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువ కాలేదు. కానీ 2012లో మిలాన్ డాక్టర్లు 321 మందిని పరిశీలించినప్పుడు, పాలనాళాలు దాటని తొలిదశ క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొవ్వు ఎక్కించాక తిరగబెట్టడం కొంత ఎక్కువగా కనిపించింది. తర్వాతి అధ్యయనాలు చాలావరకు ధైర్యం ఇచ్చేవే. అయినా మీ గడ్డ ఏ రకం, గడ్డ తీసిన చోట అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా అన్నవి చూడకుండా "ఏం కాదమ్మా" అనే మాటను నమ్మొద్దు.

ఇవన్నీ ఉండేది పాత రిపోర్టుల్లోనే. అప్రూవల్‌కు పంపే ఫైల్‌కూ అవే ఆధారం. ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు, హార్మోన్ పరీక్షల రిపోర్టు, కీమో, రేడియేషన్ వివరాలు, ఈ మధ్య తీయించిన మామోగ్రామ్ లేదా స్కానింగ్ దగ్గర పెట్టుకోండి. మా చిన్నమ్మ దగ్గర రేడియేషన్ సమ్మరీ లేదు. అడిగితే మొదటి ఆసుపత్రి వాళ్లు "మళ్లీ రండి" అన్నారు. ఆ ఒక్క కాగితం కోసం చెన్నైకి రెండుసార్లు తిరిగాం. రేడియేషన్ ఎప్పుడు ముగిసిందన్నది చాలా ముఖ్యం. చర్మం కుదుటపడటానికి సాధారణంగా కనీసం ఆరు నెలలు ఆగుతారు.

ఇక వీటితో పాటు ఆరోగ్యశ్రీ కార్డు (పేరు మారినా మనందరం అలాగే అంటాం), ఆధార్, రేషన్ కార్డు, ఫోన్ నంబర్. కార్డులో పేరుకు, ఆధార్‌లో పేరుకు తేడా ఉంటే ముందే సచివాలయంలో సరిచేయించుకోండి.

నెల్లూరు పెద్దాసుపత్రి అయినా, ఒంగోలు రిమ్స్ అయినా, పథకంలో ఉన్న మరో నెట్‌వర్క్ ఆసుపత్రి అయినా మొదట వైద్యమిత్ర (ఆసుపత్రిలో పథకం తరఫున సాయం చేసేవాళ్లు) కౌంటర్‌కు వెళ్లాలి. అక్కడ ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా, రొమ్ము పునర్నిర్మాణానికి ఆ ఆసుపత్రికి అనుమతి ఉందా అడగండి. లేకపోతే ఎక్కడికి వెళ్లాలో 104కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. వైద్యమిత్ర పేరు నమోదు చేశాక డాక్టర్ చూస్తారు. ఆసుపత్రి వాళ్లే మీ రిపోర్టులు, ఫొటోలు ఆన్‌లైన్‌లో పథకాన్ని నడిపే ట్రస్టుకు పంపుతారు. ట్రస్టు డాక్టర్లు ఏదైనా ప్రశ్న వేస్తే ఫైల్ ఆగుతుంది. ఎక్కువగా ఆగేది రిపోర్టు లేకనే.

అప్రూవల్ వచ్చిందనగానే సంతోషపడి వెళ్లి ఆసుపత్రిలో చేరిపోకండి. అందులో రాసిన ప్రొసీజర్ పేరు ఏమిటో వైద్యమిత్రను చదివి చెప్పమనండి. కండతో, చర్మంతో చేసే పునర్నిర్మాణం వేరు, కొవ్వు ఎక్కించడం వేరు. ఇంకో మాట, ఎక్కించిన కొవ్వులో కొంత ఒంట్లోనే కరిగిపోతుంది. ఒక్కసారితో సరిపోకపోవచ్చు, రెండు మూడు విడతలు పట్టడం మామూలే. ప్రతి విడతకూ అనుమతి ఎలా తీసుకుంటారో మొదటి రోజే అడగండి. మధ్యలో ఆగిపోతే ఆ బాధ చెప్పలేనిది.

పథకంలో కుదరకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేషన్ లెటర్ తీసుకుని ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి రాసే హామీ లెటర్) అడగాలి. అయిపోయాక అయితే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. జిరాక్సులు తీసి పెట్టుకోకుండా ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసే ముందు ఆ కాగితం తెలుగులో చెప్పించుకోండి. కొవ్వు తీసిన చోట కమిలిపోవడం, ఇన్ఫెక్షన్, ఎక్కించిన చోట నూనె తిత్తులు, గట్టి ఉండలు రావచ్చు. ఇవి ఎక్కువగా ప్రమాదం లేనివే. కానీ చేతికి కొత్త ఉండ తగిలితే "కొవ్వేలే" అని ఇంట్లో కూర్చోకూడదు. స్కానింగ్, అవసరమైతే బయాప్సీ చేయించాలి. డిశ్చార్జ్ సమ్మరీలో ఏ తేదీన, ఏ వైపు, ఎన్ని మిల్లీలీటర్ల కొవ్వు ఎక్కించారో రాయించుకోండి. తర్వాత మామోగ్రామ్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆ కాగితం ముందు చూపించండి.