ఓరుగల్లు రాళ్లలోని రాజకీయాన్ని చదివే పద్ధతి

వరంగల్ కోటకో, హనుమకొండ వేయిస్తంభాల గుడికో విద్యార్థులను తీసుకువెళ్లే ఉపాధ్యాయులు, సెలవు రోజున కుటుంబంతో వెళ్లే చదువరులు ఆ కట్టడాలను ఏలినవారి రాజకీయ ప్రకటనలుగా కూడా చదవగలగాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. కట్టించిన రాజు పేరు, సంవత్సరం, శిల్పాల నగిషీ గురించి అక్కడి గైడ్లు చెబుతారు, అవి అవసరమే. అయితే ఎవరిని నమ్మించడానికి, ఏ సంగతి నమ్మించడానికి అంత రాయినీ అంత శ్రమనూ వెచ్చించారన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆ ప్రశ్నతో వెళ్లేవారికి ఒక నోటు పుస్తకం, దిక్కులు చూపే ఫోను, ఒక పూట సమయం చాలు. పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, కంటికి కనిపించినదీ శాసనం చెప్పినదీ ఎడమవైపు, మీ ఊహ కుడివైపు రాసుకోవాలి. ఈ రెండింటినీ కలిపేస్తే మీరు కూడా తెలియకుండానే మరొక ప్రచారం మొదలుపెట్టినవారవుతారు.

శాసనం దగ్గర మొదలుపెట్టండి

కట్టడం తన గురించి తాను చెప్పుకున్న మాట దొరికితే ముందు దానినే చదవాలి. ఈ పనికి వేయిస్తంభాల గుడిని మించిన పాఠం మన ప్రాంతంలో లేదు. 1163లో కాకతీయ రుద్రదేవుడు అక్కడ రుద్రేశ్వరుడినీ వాసుదేవుడినీ సూర్యుడినీ ప్రతిష్ఠించి వేయించిన సంస్కృత శాసనం దేవుళ్ల స్తుతితో ఆగదు. కాకతీయుల వంశం, రుద్రదేవుడు ఓడించిన శత్రువుల పేర్లు, వారి దుర్గతి అందులో వరుసగా వస్తాయి. అప్పటిదాకా కాకతీయులు కల్యాణి చాళుక్యుల సామంతులు. ఆ చాళుక్య రాజు తైలపుడు రుద్రదేవుడి భయంతో అతిసారం పట్టి మరణించాడని శాసనం చెబుతుంది. ఒక ప్రభువు మరణాన్ని, అదీ అంత హీనమైన మరణాన్ని, నిన్నటి సామంతుడు గుడి ముందు రాతిమీద చెక్కించడం చిన్న విషయం కాదు. చరిత్రకారులు ఈ శాసనాన్ని కాకతీయుల స్వాతంత్ర్య ప్రకటనగా లెక్కిస్తారు.

ఇక్కడ మీరు వేయవలసిన ప్రశ్నలు మూడు. ఈ మాట ఎవరిది? దీనిని చదవగలిగినవారు ఎవరు? చదవలేనివారికి అదే మాట ఏ రూపంలో అందింది? శాసనం సంస్కృతంలో ఉంది కనుక దాని పాఠకులు పండితులు, సాటి రాజులు, సామంతులు. పొలం నుంచి వచ్చిన మనిషికి ఆ శ్లోకాలు అందకపోయినా, ఎత్తైన పీఠం, అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాలు, మూడు గర్భగుడులు అందుతాయి. తైలపుడి మరణ కారణాన్ని మాత్రం వాస్తవంగా నమోదు చేసుకోకూడదు. ‘శాసనం ఇలా చెప్పుకుంది’ అని ఎడమవైపు రాసి, అలా చెప్పుకోవలసిన అవసరం ఏమిటో కుడివైపు ఆలోచించాలి.

మీ కాళ్లు ఎటు నడుస్తున్నాయో గమనించండి

కోటకు వెళ్లినప్పుడు తోరణం కింద ఫోటో దిగే ముందు ప్రాకారాల నుంచి లెక్క మొదలుపెట్టాలి. బయట మట్టికోట, లోపల గణపతిదేవుడు ఆరంభించగా రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తిచేసిన రాతికోట, నట్టనడుమ కాకతీయుల ఆరాధ్యదైవమైన స్వయంభూదేవుడి ఆలయ ప్రాంగణం, దానికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు: ఈ క్రమాన్ని కాగితంమీద గీస్తే, రాజ్యం తనను తాను లోకానికి కేంద్రంగా ఎలా ఊహించుకుందో కనిపిస్తుంది. ఏ దిక్కునుంచి వచ్చినా మనిషి మలుపుల దారిలో కోట ద్వారాలు దాటి, చివరికి తోరణం కింద తలెత్తక తప్పదు. అధికారం గురించి ఒక్క అక్షరం చదవకముందే శరీరానికి ఆ పాఠం అబ్బుతుంది.

ఈ పద్ధతి మన రాజులకే పరిమితం కాదు. 1939లో బెర్లిన్‌లో హిట్లర్ కోసం వాస్తుశిల్పి ఆల్బర్ట్ ష్పేయర్ పూర్తిచేసిన కొత్త ఛాన్సలరీలో, అంటే ప్రభుత్వాధినేత కార్యాలయంలో, 146 మీటర్ల పాలరాతి నడవా ఉండేది. ఆ దూరమంతా నడిచి వచ్చేసరికి అతిథి తన అల్పత్వాన్ని తానే ఒప్పుకోవాలన్నది దాని లెక్క. కనుక ఏ కట్టడానికి వెళ్లినా ఎక్కడ మీ నడక నెమ్మదించిందో, ఎక్కడ తల ఎత్తారో, ఎక్కడ గొంతు తగ్గిందో రాసుకోండి. మన కలెక్టరేట్ల మెట్లు, సచివాలయం గోపురాలు కూడా ఈ పరీక్షకు తగినవే.

పడగొట్టినదీ మిగిల్చినదీ విడిగా రాయండి

1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్, ఓరుగల్లును గెలిచాడు. నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు మారింది, స్వయంభూదేవుడి ఆలయం కూలింది, తోరణాలు మాత్రం నిలిచాయి. ఈ మూడు పనులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఓడిన రాజు అధికారం ఆ దైవంతో ముడిపడి ఉంది కనుక విజేత ముందు ఆ ముడిని తెంచాడు. తోరణాలమీద హంసలు, మకరాలు, తామరమొగ్గలు, సింహాలు ఉన్నాయే కాని దేవతామూర్తులు లేవు. అందువల్ల కొత్త పాలకుడు కూడా వాటిని తన వైభవానికి చట్రంగా ఉంచుకోగలిగాడని కొందరు చరిత్రకారుల వివరణ. దీనిని వట్టి మతవిధ్వంసమని ఒకరు, వట్టి రాజనీతి అని మరొకరు ముగించేస్తారు; కూలిన రాళ్లూ నిలిచిన రాళ్లూ ఒకేచోట ఉన్నాయి కనుక రెండింటినీ చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అక్కడి నుంచి పడమటగా ఖుష్‌మహల్‌కు నడవండి. లోపలికి వాలిన దాని మందపు గోడలు తుగ్లకుల కాలపు ఢిల్లీ కట్టడాల పోకడలోనివి. తోరణాలు చూసిన కంటితో ఆ గోడలను చూస్తే, రెండు రాజ్యాలు ఒకే నేలమీద ఎంత వేరుగా మాట్లాడాయో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

తర్వాత ఎవరు వాడుకున్నారో వెతకండి

నా దృష్టిలో అన్నిటికంటె ఎక్కువ ఫలితమిచ్చే మెట్టు ఇదే. కట్టినవాడి ఉద్దేశంతో కట్టడం అర్థం ముగియదు. 1504లో ఓరుగల్లును చేజిక్కించుకున్న స్థానిక హిందూ నాయకుడు షితాబ్ ఖాన్ (సీతాపతి) కాకతీయుల కాలపు దేవతలను తిరిగి ప్రతిష్ఠించినట్లు శాసనం వేయించుకున్నాడు. పోయిన వంశపు కీర్తికి తానే వారసుడనని చెప్పుకోవడం దాని సారం. రోములో అగస్టస్ చక్రవర్తి క్రీస్తుపూర్వం 9లో ప్రతిష్ఠించిన శాంతి బలిపీఠాన్ని 1938లో ముస్సోలినీ ముక్కలు ఏరించి మళ్లీ నిలబెట్టించాడు. దేశాలు వేరైనా ఎత్తుగడ ఒక్కటే. 1591 నాటి చార్మినార్, దాని ఎదుటి నాలుగు కమాన్ల అమరికలో ఓరుగల్లు నాలుగు తోరణాల జ్ఞాపకం ఉందని కూడా చరిత్రకారులు ప్రతిపాదించారు.

ఇప్పుడు మీ ఇంట్లోని ఏదైనా రాష్ట్ర ప్రభుత్వ పత్రం తీసి 2014లో తెలంగాణ స్వీకరించిన చిహ్నాన్ని చూడండి. కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్, పైన అశోకుడి సింహాలు. ముగ్గురు ఏలికల గుర్తులను కొత్త రాష్ట్రం తనవిగా చేసుకుంది. 2024లో ఆ తోరణాన్నీ చార్మినార్‌నూ తొలగించాలన్న ఆలోచన వచ్చినప్పుడు రాచరికపు గుర్తులు ప్రజారాజ్యానికి ఎందుకని ఒక పక్షం, అవి మా ఆత్మగౌరవమని మరొక పక్షం వాదించుకున్నాయి; మార్పు వాయిదా పడింది. అదే ఏడాది డిసెంబరు 9న సచివాలయంలో ఆవిష్కరించిన తెలంగాణ తల్లికి కిరీటం లేదు, చేతిలో బతుకమ్మ లేదు; పచ్చచీర, అభయహస్తం, పంటల కంకులు ఉన్నాయి. పాత రూపం, కొత్త రూపం ఫోటోలను పక్కపక్కన పెట్టి, ఏది చేరిందో ఏది పోయిందో పిల్లల చేత రాయించండి. మీకు నచ్చిన పార్టీ చేసిన మార్పును కూడా అవే ప్రశ్నలతో పరీక్షించాలి. నచ్చనివారి పనిని మాత్రమే ప్రచారమనడం ఈ చదువుకు పూర్తిగా విరుద్ధం.

రాయి దక్కనివారి కథ వినండి

కాకతీయుల శాసనాల్లో చెరువులు, దానాలు, విజయాలు ఉంటాయి. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యంతో పోరాడిన కోయల కథ వాటిలో దొరకదు. అది మేడారంలో ఉంది. సమ్మక్క, సారలమ్మలకు గుడి గోపురం లేదు, చెక్కిన విగ్రహం లేదు. కుంకుమ భరిణె, వెదురు కర్ర, గద్దెలు, రెండేళ్లకొకసారి తరలివచ్చే జనం ఉన్నారు. ఓడినవారి జ్ఞాపకం ఇంతకాలం నిలవడానికి రాజుల రాతి అవసరం పడలేదన్నది గౌరవంతో గుర్తించవలసిన సంగతి. కోటకు వెళ్లిన విద్యార్థులను మేడారం కూడా తీసుకువెళ్లాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఆదిలాబాద్ వైపు వెళ్లగలిగితే ఇంద్రవెల్లి స్తూపం చూడండి. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల స్మృతికి నిలిచిన స్తూపం అది. దానిని ఒకసారి పేల్చివేశారు, మళ్లీ కట్టారు. ఏటా అదే తేదీన అక్కడికి వెళ్లడంమీద ఏళ్ల తరబడి ఆంక్షలు ఉండేవి. పాలకులు ఒక స్తంభానికి ఎంత విలువ ఇస్తారో ఆ ఆంక్షలే తెలియజేస్తాయి. అయితే స్తూపం కూడా ఒక పక్షపు మాటే కనుక దానిని నిలిపినవారెవరో, ఎవరిని కూడగట్టడానికి నిలిపారో అడగడం మానకూడదు.

ఈ ప్రశ్నలన్నీ వేసిన తర్వాత పాలంపేటకు వెళ్లండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి కూడా ఒక సేనాని తన ప్రభువు కీర్తినీ తన కీర్తినీ చాటుకున్న కట్టడమే. అక్కడి శాసనం ఆ మాట దాచదు. కాని నల్లరాతి మదనికల, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీమూర్తుల, నడుము వంపును చెక్కిన చేతికి ఏ రాజు ఆజ్ఞా అంత నైపుణ్యం ఇవ్వలేదు. ఆ శిల్పుల పనికి నోటు పుస్తకంలో వేరే పేజీ కేటాయించి, దానిమీద గీత గీయకుండా చూసినంతా రాసుకోండి.