పెద్దవాళ్ళ నడక స్పీడ్ ఇంట్లోనే కొలవడం ఎలా, దాన్ని బట్టి మతిమరుపు గురించి ఏం తెలుస్తుంది

ఇంట్లో పెద్దవాళ్ళు మెల్లగా నడవడం మొదలెడితే మనందరం వయసైపోయింది కదా అనో మోకాళ్ళ నొప్పులనో వదిలేస్తాం, చాలాసార్లు అది నిజమే కూడా. కానీ కొంతమందిలో మతిమరుపు బయటపడడానికి కొన్నేళ్ళ ముందే నడక నెమ్మదిస్తుంది. నడక అంటే కాళ్ళ పనే అనుకుంటాం గానీ అడుగు ఎక్కడ వెయ్యాలి, ఒళ్ళు తూలకుండా ఎలా ఆపుకోవాలి, ఎదురొచ్చే మనిషిని ఎలా తప్పుకోవాలి ఇవన్నీ చూసుకునేది మెదడే, అందుకని లోపల సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్నా, జ్ఞాపకాలు చూసే భాగం కుంచించుకుపోతున్నా ఆ ప్రభావం నడక మీద కూడా పడొచ్చు.

కొలవడానికి టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. అడ్డం ఏమీ లేకుండా 6 మీటర్లు నేరుగా ఉండే చోటు చూసుకోండి. మొదట్లో 1 మీటరు, చివర 1 మీటరు వదిలేసి మధ్యలో 4 మీటర్లకి నేల మీద రెండు గీతలు పెట్టండి. ఆ వదిలేసిన మీటర్లు ఎందుకంటే నడక మొదలెట్టేటప్పుడు, ఆగేటప్పుడు ఎవరైనా నెమ్మదిస్తారు, అది లెక్కలోకి రాకూడదు. రోజూ ఎలా నడుస్తారో అలాగే నడవమనండి, చేతికర్ర వాడేవాళ్ళయితే కర్రతోనే. మొదటి గీత దాటగానే వాచ్ ఆన్ చెయ్యండి, రెండో గీత దాటగానే ఆపండి. మీరు ముందు నడవకండి, వాళ్ళు మీ స్పీడ్ అందుకోవాలని చూస్తారు, కాస్త వెనగ్గా పక్కన ఉండండి.

4ని వచ్చిన సెకన్లతో భాగిస్తే స్పీడ్ వస్తుంది. 4 సెకన్లు పడితే సెకనుకి 1 మీటరు, 5 పడితే 0.8. 1 మీటరో అంతకన్నా ఎక్కువో ఉంటే మామూలుగా పర్లేదు, 0.8 కన్నా తక్కువుంటే డాక్టర్లు నెమ్మది నడక కిందే చూస్తారు. అయితే ఎత్తు, వయసు, మోకాళ్ళు అన్నీ ఇందులో కలిసుంటాయి కాబట్టి ఒక్కసారి వచ్చిన అంకె చూసి కంగారుపడొద్దు, నా లెక్కలో అసలు చూడాల్సింది పోయినసారికీ ఈసారికీ తేడా.

ఇక్కడ ఒక చిక్కుంది. స్పీడ్ 1 నుంచి 0.9కి పడిపోతే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన తేడా అంటారు, కానీ 4 మీటర్ల దూరంలో అది అర సెకను కూడా కాదు, మన బొటనవేలు కాస్త లేటుగా నొక్కినా అందులో చాలా భాగం పోతుంది. అందుకే మూడుసార్లు నడిపించి సగటు తీయండి, ప్రతిసారీ ఒకే మనిషి వాచ్ పట్టుకోండి, అదే చోటు, అవే చెప్పులు, రోజులో అదే టైము. పొడుగు వరండా ఉంటే గీతల మధ్య 10 మీటర్లు పెట్టుకోండి (అప్పుడు 4 బదులు 10ని భాగించాలి), తప్పు తగ్గుతుంది. ఆరు నెలలకోసారి చాలు, వారం వారం చేస్తే వాళ్ళకీ విసుగు మీకూ అనవసరపు టెన్షను.

నడకతో పాటు జ్ఞాపకశక్తి కూడా చూడాలి, అసలు విషయం అక్కడే ఉంది. 2013లో అమెరికాలో జో వర్గీస్ అనే న్యూరాలజిస్టు బృందం, మతిమరుపు ఉందని మనిషే చెప్పుకోవడం, దానికి తోడు నడక నెమ్మదించడం, ఈ రెండూ కలిసుంటే డిమెన్షియా (రోజువారీ పనులకి అడ్డొచ్చేంతగా జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోవడం) రిస్క్ ఎక్కువని చూపించి దానికి ఒక పేరు కూడా పెట్టారు. మరుసటేడు 17 దేశాల డేటా కలిపి చూస్తే పెద్దవాళ్ళలో దాదాపు 10 శాతం మందిలో ఈ రెండూ కనిపించాయి. 2022లో దాదాపు 17,000 మంది మీద వచ్చిన స్టడీలో కూడా నడక, జ్ఞాపకం రెండూ కలిసి తగ్గుతున్న వాళ్ళకే రిస్క్ అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి అడిగిందే అడగడం, తెలిసిన దారిలో తికమకపడడం, డబ్బుల లెక్క తప్పడం లాంటివి కనిపిస్తే తేదీతో సహా రాసిపెట్టండి.

ఇంకోటి, మాట్లాడుతూ నడిపించి చూడడం. జంతువుల పేర్లు చెప్తూ అదే దూరం నడవమనండి. అందరూ కొంచెం నెమ్మదిస్తారు, అది మామూలే, కానీ మాట కోసం నడక ఆపేసేవాళ్ళు పడిపోయే ప్రమాదం ఎక్కువని 1997లోనే స్వీడన్ పరిశోధకులు గమనించారు. ఇప్పటికే జ్ఞాపకశక్తి కొంచెం తగ్గినవాళ్ళలో, ఇలా మాట్లాడుతూ నడిచేటప్పుడు స్పీడ్ మామూలు నడక కన్నా 20 శాతం కన్నా ఎక్కువ పడిపోతే డిమెన్షియా వైపు వెళ్ళే అవకాశం ఎక్కువని కెనడాలో చూశారు. ఇది చేసేటప్పుడు చెయ్యి అందేంత దగ్గర్లో ఉండండి, ఈమధ్య పడిపోయినవాళ్ళకి ఇంట్లో అసలు చెయ్యొద్దు.

తేడా కనిపిస్తే డాక్టర్ దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్ళండి. డిమెన్షియానే అని మీకు మీరే తేల్చేసుకోకండి ప్లీజ్, ఎందుకంటే సరిచేయగలిగే కారణాలు చాలా ఉన్నాయి, బీ12 విటమిన్ తక్కువవడం, థైరాయిడ్, డిప్రెషన్, నిద్రమాత్రలు, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, చూపు తగ్గడం. పాదాలు నేలకి అతుక్కున్నట్టు నడక, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు ఈ మూడూ కలిసుంటే మాత్రం తప్పకుండా చెప్పండి, మెదడులో నీరు చేరడం వల్ల అలా అవ్వొచ్చు, ఆపరేషన్‌తో ఆ నీటికి దారి పెడితే కొందరి నడక బాగా మెరుగవుతుంది. నడక ఉన్నట్టుండి మారినా, ఒక పక్క బలం పోయినా, మాట ముద్దగా వచ్చినా కొలతలు పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, అది స్ట్రోక్ కావచ్చు.

స్పీడ్ తగ్గింది కదా అని గబగబా నడవమని వెంటపడకండి, నెమ్మది నడక ఒక గుర్తు మాత్రమే, బలవంతంగా వేగం పెంచితే పడిపోతారు. దానికంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం, గట్టి బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం లాంటివి డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలెట్టించండి, బీపీ, షుగర్ కంట్రోల్‌లో పెట్టండి, చెవులు సరిగ్గా వినపడకపోతే మెషిన్ పెట్టించండి.

కొలిచేటప్పుడు "నీ మతిమరుపు టెస్ట్" అని మాత్రం అనొద్దు, ఆ మాట వినగానే భయంతో అడుగు మారిపోతుంది, మనసూ నొచ్చుకుంటుంది. బీపీ చూసినట్టే నడక కూడా చూద్దాం అని నిజమే చెప్పండి, కావాలంటే ముందు మీరు నడిచి మీ సెకన్లు కూడా అదే కాగితం మీద రాయండి.