రెండర్‌లో ఆ ప్లాస్టిక్ మెరుపు ఎలా పోయిందంటే

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక తెలుగు కుటుంబం కట్టుకుంటున్న ఇల్లు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో దాని మోడల్ కొలతలన్నీ కరెక్టే, కానీ రెండర్ (మోడల్ నుంచి సాఫ్ట్‌వేర్ తీసే ఫొటోలాంటి చిత్రం) తీస్తే ప్లాస్టిక్ బొమ్మలా వచ్చేది.

మెటీరియల్స్ (గోడ, రాయి లాంటి వాటి రంగు, మెరుపు సెట్టింగులు) జోలికి పోకుండా ముందు వెలుతురు సరిచేశాను. బెంగళూరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తి మీదే ఉంటుంది, నీడలు ముడుచుకుపోయి ఇంటి ముందు భాగం చప్పగా కనిపిస్తుంది. ఇది తూర్పు ముఖం ఇల్లు కాబట్టి మోడల్‌లో సూర్యుణ్ని డిసెంబరు ఉదయం ఎనిమిదిన్నరకు పెట్టాను. ఎండ ఆగ్నేయం నుంచి వాలుగా వచ్చి సన్‌షేడ్ నీడ గోడ మీద ఏటవాలుగా పడింది. సగం పని అక్కడే అయిపోయింది! నన్నడిగితే ఎవరైనా మొదట చూడాల్సింది ఇదే.

తర్వాత తెల్ల గోడల రంగు విలువ 1.0 నుంచి 0.8కి దించాను. ఏ పెయింటూ తన మీద పడ్డ వెలుతురంతా తిప్పి పంపదు కదా. మూలలకు 2 మిల్లీమీటర్ల బెవెల్ ఇచ్చాను, అంటే పదునైన అంచుల్ని కాస్త చెక్కాను. గ్రానైట్‌కు రఫ్‌నెస్ మ్యాప్ (ఎక్కడ నునుపో, ఎక్కడ గరుకో చెప్పే చిత్రం) పెట్టాను. కెమెరా 1.6 మీటర్ల ఎత్తులో, నిలువు గీతలు వంగకుండా. వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (లెక్కగట్టిన వెలుతురును స్క్రీన్ రంగులుగా మార్చే సెట్టింగ్) స్టాండర్డ్ నుంచి, బాగా వెలుతురున్న చోట్లను మెత్తగా చూపే ఏజీఎక్స్‌కు మార్చాక ఆకాశం తెల్లగా పాలిపోవడం ఆగింది.

ఫైల్లో ఉన్న పైన్ చెట్లు తీసేసి కానుగ, కొబ్బరి పెట్టాను. గేటు ముందు ముగ్గు కూడా వేశాను. ఇంటావిడ చూసి, “ఇదే ఫైనల్ చేసేయండి, మా అత్తయ్యగారికి పంపాలి” అన్నారు.