కొరియన్ కిడ్నాప్ సినిమాను ఎలా చూడాలి, ఎలా వినాలి

కిడ్నాప్ కథ అనగానే నేరస్థుడెవరో చివరి రీలు దాకా దాచిపెడతారని, మనం ఆధారాలు ఏరుకుంటూ వెళ్లి అతణ్ణి దర్శకుడి కంటే ముందే పట్టేయాలని అనుకుని కూర్చుంటాం. దక్షిణ కొరియా నుంచి 2000 తర్వాత వచ్చిన చీకటి క్రైమ్ థ్రిల్లర్లలో మేలైనవాటిని ఇలా చూస్తే నిరాశ తప్పదు. వాటిలో చాలాసార్లు మనిషిని ఎత్తుకెళ్లింది ఎవరో మొదటి భాగంలోనే తెలిసిపోతుంది. కొన్నిటిలో అయితే ఆ పథకం వేసే గదిలోనే మనల్ని కూర్చోబెడతారు. ఎవరి కేక ఎవరికి వినపడలేదు, వినపడినా ఎంత ఆలస్యంగా కదిలారు అన్నదాని మీదే ఉత్కంఠ అంతా నడుస్తుంది. కాబట్టి ఈ సినిమాలకు కళ్లకన్నా ముందు చెవులను సిద్ధం చేసుకోవాలి.

మొదలుపెట్టడానికి నేను సూచించేది పార్క్ చాన్‌వుక్ 2002లో తీసిన ‘సింపతీ ఫర్ మిస్టర్ వెంజెన్స్’. పుట్టు చెవుడు వల్ల మాట కూడా రాని ర్యూ అనే ఫ్యాక్టరీ కార్మికుడు అక్కకు కిడ్నీ మార్పిడి చేయించాలని కోటి వోన్లు సమకూర్చుకుంటాడు. అవయవాల దొంగ వ్యాపారులు ఆ డబ్బుతో పాటు అతని కిడ్నీ కూడా కాజేస్తారు. తీరా ఆసుపత్రిలో అక్కకు సరిపడే కిడ్నీ దొరికేసరికి చేతిలో పైసా ఉండదు. అప్పుడే అతని స్నేహితురాలు ఒక ఫ్యాక్టరీ యజమాని కూతుర్ని ఎత్తుకొద్దామంటుంది. కిడ్నాపుల్లో మంచివీ చెడ్డవీ ఉంటాయని, బిడ్డను క్షేమంగా తిరిగి అప్పగిస్తే అది మంచిదేనని ఆమె వాదన. అక్కడి నుంచి కథ ఎటు వెళుతుందో చెప్పను. అయితే నది ఒడ్డు సన్నివేశం మొదలైనప్పుడు మాత్రం చేతిలో ఉన్న ఏ పనైనా పక్కన పెట్టేయండి.

ఈ సినిమాను ఎలా వినాలో తొలి భాగంలోని ఒక చిన్న సన్నివేశమే నేర్పుతుంది. గోడకు అవతలి గదిలో నలుగురు యువకులు చెవులు ఆనించి, ఇటునుంచి వస్తున్న ఆడమనిషి మూలుగులను శృంగారమనుకుని తమ లోకంలో తాము ఉంటారు. కెమెరా నెమ్మదిగా గోడ దాటి ఇవతలికి వస్తుంది. ఆ మూలుగులు కిడ్నీ నొప్పితో నేల మీద మెలికలు తిరుగుతున్న అక్కవి. ఆమెకు వీపు పెట్టి కూర్చున్న తమ్ముడు నూడుల్స్ తింటూ ఉంటాడు. అతనికి ఏమీ వినపడదు. విన్నవాళ్లు తప్పుగా విన్నారు, వినాల్సినవాడికి చెవులు లేవు. ఒక్క షాట్‌లో కథ మొత్తాన్ని దర్శకుడు ముందే చెప్పేశాడు, మనకే ఆ సంగతి గంట తర్వాత గానీ తెలియదు. ఇలాంటి చోట నవ్వాలా, తల దించుకోవాలా అని తడబాటు కలిగితే సినిమా సరిగానే పనిచేస్తోందని అర్థం.

కాబట్టి డబ్బింగ్ జోలికి పోకండి. మొదటిసారి నేను ఈ కోవకు చెందిన ఒక సినిమాను డబ్బింగ్‌లో, అదీ ఫోన్‌లో చూసి, ఇందులో ఏముందని ఇంత పొగుడుతున్నారు అని విసుక్కున్నాను. రెండేళ్ల తర్వాత అసలు భాషలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దీపాలార్పి చూస్తే అది పూర్తిగా వేరే సినిమాగా కనిపించింది. డబ్బింగ్ చేసేవాళ్లు నిశ్శబ్దాన్ని భరించలేరు. ఎక్కడ మౌనం ఉంటే అక్కడ ఒక నిట్టూర్పో, సంగీతమో పోస్తారు. మాటలు రాని మనిషి కథానాయకుడైన చిత్రానికి ఇంతకు మించిన అన్యాయం ఉండదు.

సబ్‌టైటిళ్లు చదువుతూనే కొరియన్ మాటల్లో రెండు మూడింటిని చెవితో పట్టుకోవడం అలవాటు చేసుకోండి, భాష నేర్చుకోనక్కర్లేదు. వాక్యం చివర ‘యో’ అని వినిపిస్తే అది మర్యాద. మనకు నువ్వు, మీరు అనే తేడా ఉన్నట్టే అక్కడ క్రియాపదం చివర ఆ తేడా ఉంటుంది. అప్పటిదాకా ‘యో’ అంటున్న మనిషి హఠాత్తుగా దాన్ని వదిలేశాడంటే చనువైనా పెరిగి ఉండాలి, గౌరవమైనా పోయి ఉండాలి. కిడ్నాపర్‌తో బేరమాడుతున్న తండ్రి గొంతులో ఆ మార్పు వచ్చిన క్షణాన్ని సబ్‌టైటిల్ దాదాపు ఎప్పుడూ చెప్పదు. ఫోనెత్తగానే అనే ‘యొబొసేయో’ మన ‘హలో’ లాంటిది. మొదటి కాల్‌లో అది మామూలుగా వస్తుంది, మూడో కాల్‌కి వణుకుతుంది, ఆ తర్వాత ఒక్కోసారి అసలు రాదు. పోలీసు స్టేషన్‌లో ‘హ్యోంగ్సా’ అంటే డిటెక్టివ్, ‘బాన్‌జాంగ్’ అంటే ఆ జట్టు పెద్ద. ఎవరు ఎవరిని ఏ హోదాతో పిలుస్తున్నారో గమనిస్తే, దర్యాప్తు ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించవచ్చు.

డబ్బు లెక్క కూడా ముందే తెలుసుకుని ఉండడం మంచిది. కొరియన్లు పెద్ద మొత్తాలను పదివేల చొప్పున, ఆపైన పది కోట్ల చొప్పున లెక్కపెడతారు. అందుకే కిడ్నాపర్ ‘ఒకటి’ అని, అంటే ఒక పది కోట్లని, అడిగితే సబ్‌టైటిల్‌లో చాంతాడంత మొత్తం కనబడుతుంది. 2009 జూన్‌లో 50,000 వోన్ల నోటు వచ్చేదాకా అక్కడ అతి పెద్ద నోటు 10,000 వోన్లే. అంటే అంతకు ముందు జరిగే కథలో పది కోట్ల వోన్లు అడిగితే పదివేల నోట్లు, వంద కట్టలు మోయాలి. ఆ కాలపు సినిమాల్లో బ్యాగులు అంత బరువుగా ఎందుకుంటాయో, డబ్బు మార్చే సన్నివేశంలో పరుగెత్తేవాడు అలా ఎందుకు ఆయాసపడతాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. 1997 చివర్లో ఆ దేశం ఆర్థిక సంక్షోభంలో పడి అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించిన తర్వాత ఎందరో కార్మికులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ర్యూను ఫ్యాక్టరీ నుంచి తీసేయడం, అతను ఎంచుకున్న ఇల్లు ఒక యజమానిది కావడం ఆ నేపథ్యంలో చూడాలి. అయితే యజమానిని రాక్షసుడిగా చూపించలేదు. సాంగ్ కాంగ్‌హో పోషించిన ఆ తండ్రి కూడా మన జాలికి అర్హుడే కావడంతో ఎవరి పక్షాన నిలబడాలో తేలక మనం నలిగిపోతాం.

ఆయుధాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు: దక్షిణ కొరియాలో పౌరుల దగ్గర తుపాకులు ఉండడం చాలా అరుదు, వేట తుపాకులను సైతం పోలీసు స్టేషన్లలోనే భద్రపరచాలి, అందుకే ఈ సినిమాల్లో సుత్తి, కత్తి, కరెంటు తీగ కనిపిస్తాయి, హింస చేతికి అందేంత దగ్గరగా ఉంటుంది.

పోలీసుల కోణం నుంచి చూడాలనుకుంటే తర్వాత 2008లో వచ్చిన ‘ది ఛేజర్’ చూడండి. అది నా హోంగ్‌జిన్ తొలి చిత్రం. పోలీసు ఉద్యోగం పోగొట్టుకుని వేశ్యావృత్తి దళారీగా మారిన వ్యక్తి, తన దగ్గర పనిచేసే మహిళలు ఒక్కొక్కరే మాయమవడానికి 4885తో ముగిసే ఒక ఫోన్ నంబరే కారణమని కనిపెడతాడు. ఇరుకు సందులో ఢీకొన్న కారులోని అపరిచితుడి మీద అనుమానం వచ్చి ఆ నంబరుకు డయల్ చేస్తే, ఎదురుగానే ఫోన్ మోగుతుంది. ఇది కథ మొదట్లోనే జరుగుతుంది! హంతకుడు దొరికాడు, స్టేషన్‌లో నేరం ఒప్పుకున్నాడు కూడా. ఆ తర్వాత మిగిలింది రుజువులు, కాగితాలు, పై అధికారుల భయాలు, గడియారం. ఈలోగా ఒక స్త్రీ ఏదో ఇంట్లో ఇంకా బతికే ఉంది; ఆ మాజీ పోలీసు ఒక తాళాల గుత్తి పట్టుకుని ఎత్తుపల్లాల సందుల్లో తలుపు తలుపుకూ తాళంచెవి పెట్టి చూస్తుంటాడు. ఆ తాళంచెవి తిరగని చప్పుడును ఎన్నిసార్లు వినిపిస్తారో లెక్కపెట్టండి. నా దృష్టిలో ఆ సినిమాలో అన్నిటికన్నా భయంకరమైన శబ్దం అదే.

ఒక చట్టం గురించి తెలియకపోతే కొన్ని కథల్లో మనుషులు ఎందుకంత తొందరపడుతున్నారో అర్థం కాదు. హత్య జరిగిన 15 ఏళ్లలోగా నిందితుడి మీద కోర్టులో అభియోగం మోపకపోతే ఆ తర్వాత శిక్షించే వీలు ఉండేది కాదు. 2007 చివర్లో, అక్కడి నుంచి జరిగే నేరాలకు మాత్రమే ఆ గడువును 25 ఏళ్లకు పెంచారు, 2015లో హత్య కేసులకు పూర్తిగా ఎత్తేశారు. 2013 నాటి ‘మోంటాజ్’ సరిగ్గా ఈ గడువు మీదే నిలబడింది: పదిహేనేళ్ల నాటి కిడ్నాప్ కేసు మూసేయడానికి ఐదు రోజులుండగా, నేరం జరిగిన చోట ఎవరో ఒక పువ్వు పెట్టి వెళతారు. గడువు సంగతి తెలియని ప్రేక్షకుడికి అది ఒక పువ్వు, తెలిసినవాడికి సవాలు.

వరుసగా రెండు సినిమాలు చూడవద్దు. పిల్లలున్న ఇంట్లో పగలు పెట్టవద్దు. వీటిలో కొన్నిటికి అక్కడ కూడా పెద్దలకు మాత్రమే అన్న వర్గీకరణ ఉంది. పసిపిల్లలు ఉన్న తల్లిదండ్రులు ‘సింపతీ ఫర్ మిస్టర్ వెంజెన్స్’ను వాయిదా వేసుకున్నా తప్పులేదు. అది చూసి తట్టుకున్నవాళ్లు రెండోసారి ధ్వనిని మాత్రమే పట్టించుకుంటూ మొదటి ఇరవై నిమిషాలు చూస్తే, రేడియోలో అనౌన్సర్ చదివే ఉత్తరంతో సినిమా ఎందుకు మొదలైందో తెలుస్తుంది: మాట రాని మనిషి రాసిన మాటలను అతను వినలేని గొంతు చదువుతోంది.

చివరగా ‘వాయిస్ ఆఫ్ ఎ మర్డరర్’ చూడండి. 1991లో సియోల్‌లో ఒక బాలుడిని ఎత్తుకెళ్లి చంపిన ఘటన దీనికి ఆధారం. నేరస్థుడు దొరకలేదు, 2006లో గడువు ముగిసింది, మరుసటి ఏడు పార్క్ జిన్‌ప్యో ఈ చిత్రాన్ని విడుదల చేశాడు. కిడ్నాపర్ మనకు దాదాపు గొంతుగానే పరిచయం. ఆ తల్లిదండ్రులు పదే పదే ఫోనెత్తుతుంటే కాల్ కాల్‌కీ ఆ గొంతులో మర్యాద ఎలా మారుతోందో గమనిస్తూ వెళ్లండి, పైన చెప్పిన ‘యో’ ఇక్కడ పనికొస్తుంది. కథ ముగిసిందని రిమోట్ తీసుకోకండి. ఆ తర్వాత పోలీసులు రికార్డు చేసిన అసలు టేపు వినిపిస్తారు, ఆ గొంతు నటుడిది కాదు.