చదవడానికి తడబడే పిల్లలతో రోజూ పావుగంట

మూడో తరగతికి వచ్చిన పిల్ల ఒక మాటను కూడబలుక్కుని చదివి, కింది వరుసలో అదే మాట వస్తే కొత్తగా చూసినట్టు ఆగిపోతుంటే దాన్ని బద్ధకం అనకండి. అది డిస్లెక్సియా, అంటే చదవడంలో వచ్చే ఇబ్బంది, కావచ్చు. అది ఉన్న పిల్లల్లో తెలివికి లోటుండదు. అక్షరాన్ని దాని శబ్దంతో కలపడమే వాళ్లకు కష్టం. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుంటే ఇంట్లో ఇట్లా మొదలుపెట్టవచ్చు.

బడి నుంచి రాగానే కూర్చోబెట్టొద్దు. ఏమన్నా తిని, కాసేపు ఆడుకున్నాక పది నుంచి పదిహేను నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. ఆదివారం ఒక్కసారే గంటన్నర చదివిస్తే పుస్తకమంటేనే జడుసుకుంటారు. టీవీ బంద్ చేసి, పిల్ల పక్కనే కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే పరీక్ష పెట్టినట్టుంటుంది.

తన తరగతి పుస్తకమే కావాలని పట్టుబట్టొద్దు. ఇరవై మాటల్లో రెండింటికి మించి తప్పుతుంటే అది ఇప్పటికి కష్టమైన పుస్తకం. కింది తరగతి వాచకమైనా పర్వాలేదు.

ఇద్దరూ గొంతు కలిపి పైకి చదవండి. వేలు పెట్టేది పిల్ల, వేగమూ పిల్లదే. ఒంటరిగా చదవాలనిపిస్తే తను పుస్తకం మీద తట్టాలి, వెంటనే మీరు ఆపేయాలి. తప్పు వస్తే మనసులో ఐదు లెక్కపెట్టండి. తనే దిద్దుకుంటే సరే, లేకుంటే ఆ మాట మీరే చెప్పేయండి. తను ఒకసారి తిరిగి అన్నాక మళ్లీ ఇద్దరూ కలిసి సాగండి. కథ మధ్యలో అక్షరాలు విడదీయిస్తే వాక్యం మొదలు మర్చిపోతారు. "నిన్ననే చెప్పిన గదా" అనే మాట మాత్రం నోట రానీయొద్దు. ఆ భయంతో పిల్లలు అక్షరం చూడకుండా ఊహించి చదవడం మొదలుపెడతారు.

అక్షరాల పని చివరి మూడు నిమిషాలకు ఉంచండి. తప్పిన మాటల్లో రెండే పలక మీదికి తీసుకోండి. ‘చక్రం’ను ‘చర్కం’ అని చదివారనుకుందాం. ర వత్తు క ను ఎడమవైపు నుంచి చుట్టుకొని ఉంటుంది కాబట్టి కంటికి అదే ముందు కనబడుతుంది. క ను తెల్ల సుద్దతో రాసి, వత్తును రంగు సుద్దతో పెట్టి "క్... ర, క్ర" అనిపించండి. తర్వాత గ్రామం, ప్రజలు. త, న, మ, య, ర, ల వత్తులు తమ అక్షరాల్లా ఉండవు కాబట్టి వారానికి ఒకటి చొప్పున నేర్పండి. ద్ద, డ్డ, బ్బ తొందరగానే వస్తాయి. ప-వ, మ-వు జంటలు కూడా బాగా తికమక పెడతాయి. రెండూ ఒకేరోజు పక్కపక్కన నేర్పొద్దు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది.

బస్టాండ్‌లో బోర్డులు మంచి పాఠం. ముందు కోదాడ, దేవరకొండ: వత్తులు లేవు. తర్వాత నల్లగొండ, వనపర్తి: ఒక్కో వత్తు. ఆ తర్వాత కల్వకుర్తి, జడ్చర్ల. ఊరి పేరు చెవికి ముందే తెలుసు గనుక పిల్ల శ్రమంతా అక్షరాల మీదే ఉంటుంది.

మన తెలంగాణ పిల్లల విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. ‘వచ్చాడు’ అని ఉన్నచోట ‘వచ్చిండు’ అని చదివితే అర్థం పట్టుకున్నట్టే. చదువు ఆపకండి, కథ అయిపోయాక అచ్చులో ఎట్లా ఉందో ఒకసారి చూపిస్తే చాలు. ‘పచ్చాడు’ అంటే మాత్రం అక్షరం తప్పింది, ఆ మాట పలక మీదికి రావాలి.

అమ్మానాయినలకు చదువు రాకపోతే అక్కో అన్నో గొంతు కలపవచ్చు. అమ్మ పక్కన కూర్చొని "తర్వాత ఏమైంది బిడ్డా?" అని అడిగితే అదీ పెద్ద సాయమే. పేరాను ఫోన్‌లో రికార్డు చేసి ఉంచితే పిల్ల వింటూ వేలుతో వెంబడించవచ్చు.

మూడు నెలలు ఇట్లా చేసినా కదలిక లేకపోతే బడిలో టీచర్‌తోనూ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలోనూ మాట్లాడండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇటువంటి అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. వెళ్లేటప్పుడు తప్పిన మాటలను తేదీలవారీగా రాసిన నోటుబుక్కు, పిల్ల చదివిన ఒక నిమిషం రికార్డింగు తీసుకెళ్లండి. "చదువు వస్తలేదు సార్" అనే ఒక్క మాట కన్నా వాళ్లకు అవి ఎక్కువ పనికొస్తాయి.