రెండు గంటలకోసారి తిప్పుతున్నా బెడ్‌సోర్ ఎందుకు వస్తోంది? లక్షణం, కారణం, పరిష్కారం

పక్షవాతంతోనో, తుంటి ఎముక విరిగో, వెన్నుపూస దెబ్బతినో మంచం పట్టిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఏ హాస్పిటల్‌లోనైనా చెప్పే మాట ఒకటే: రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. ఇంటివాళ్ళు ఫోన్లో అలారం పెట్టుకుని మరీ తిప్పుతారు. అయినా కొన్నాళ్ళకు నడుము కింద తోలు ఎర్రబడుతుంది. బెడ్‌సోర్, అంటే ఒకేచోట ఒత్తుకుపోయి పడే పుండు, మొదలయ్యేది ఇలాగే. ఇక కోడలి మీదనో, జీతానికి పెట్టుకున్న అటెండర్ మీదనో పడతారు. చాలా ఇళ్ళలో వాళ్ళ తప్పేమీ ఉండదు. అందరూ గడియారం చూస్తారు కానీ, ఎముక కింద బరువు నిజంగా లేచిందా అని ఎవరూ చెయ్యి పెట్టి చూడరు.

ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట రక్తం సరిగా ఆడదు. గంటల తరబడి అలాగే ఉంటే లోపలి కండ ముందే దెబ్బతినొచ్చు, తోలు మీద తర్వాత బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళం నిద్రలో తెలియకుండానే ఒత్తిగిల్లుతుంటాం కాబట్టి మనకు ఆ బాధ లేదు. ఇంగ్లండ్‌లో ఎక్స్‌టన్-స్మిత్, షెర్విన్ అనే ఇద్దరు వృద్ధ రోగుల రాత్రి కదలికలను లెక్కపెట్టి 1961లో ప్రచురించారు. రాత్రికి 50 సార్ల కన్నా ఎక్కువ కదిలినవాళ్ళకు పుండ్లు పడలేదు. 20 సార్లు, అంతకన్నా తక్కువ కదిలినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి పడ్డాయి. అందుకని మీ మనిషి తనంతట తాను ఏ భాగాన్ని ఎంత కదిలించగలుగుతున్నాడో ముందు గమనించండి. మిగతాదంతా దాన్నిబట్టే.

ముందు ఎరుపును పరీక్షించండి

ఎర్రగా ఉన్నచోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే రక్తం ఇంకా ఆడుతోందని అర్థం. ఆ చోట బరువు లేకుండా చేసి అరగంట తర్వాత చూస్తే మామూలు రంగుకు రావాలి. నొక్కినా తెల్లబడకపోతే అది మొదటి దశ పుండు, తోలు చిట్లకపోయినా సరే. మన చామనఛాయ, నల్లటి ఒంట్లో ఎరుపు సరిగా కనబడదు. కాస్త ఊదాగా, చుట్టుపక్కల కన్నా ముదురుగా ఉంటుంది. అలాంటప్పుడు చేతి వెనకవైపు ఆనించి చూడండి. పక్క తోలు కన్నా వెచ్చగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉంటే అనుమానించాలి. ఇది రోజుకు రెండుసార్లు, పగటి వెలుతురులో ఒకసారైనా చూడాల్సిన పని.

లక్షణం: తిప్పుతూనే ఉన్నాం, నడుము కింది ఎరుపు తగ్గదు

ఎక్కువ ఇళ్ళలో చిక్కు ఇక్కడే. భుజం పట్టి లాగుతారు, ఛాతీ తిరుగుతుంది, వీపు వెనక ఒక మెత్త పెడతారు. నడుము మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చూసేవాళ్ళకు పక్కకు తిరిగి పడుకున్నట్టే కనబడుతుంది.

తిప్పిన ప్రతిసారీ ఒక పని చేయండి. అరచెయ్యి పైకి పెట్టి, పిర్రల పైన ఉండే ఎముక కిందికి మెల్లగా దూర్చండి. చెయ్యి అడ్డం లేకుండా పోవాలి. వేళ్ళకు ఎముక గట్టిగా తగిలితే మీరు తిప్పినట్టు కాదు. మెత్తను భుజం నుంచి తుంటి దాకా వచ్చేలా పొడుగ్గా పెట్టండి, లేదా పాత బొంతను చుట్టగా చుట్టి పెట్టండి. ఒళ్ళు సుమారు 30 డిగ్రీల వాలులో ఆగితే చాలు. పూర్తిగా 90 డిగ్రీలు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీదికి వెళ్ళి పుండు అక్కడ పడుతుంది.

రెండో కారణం జారడం. ముక్కులో పైపుతో ఆహారం పోసేవాళ్ళకు తల ఎత్తి పెట్టాల్సిందే, లేకపోతే పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కానీ పోయడం అయ్యాక డాక్టర్ చెప్పినంతసేపు, సాధారణంగా అరగంట నుంచి గంట, ఉంచి తర్వాత 30 డిగ్రీలకు దించాలి. పొద్దంతా తల ఎత్తే ఉంటే మనిషి కిందికి జారుతూ ఉంటాడు. తోలు దుప్పటికి అంటుకుని ఆగిపోతే ఎముక మాత్రం లోపల జారుతుంది, మధ్యలో రక్తనాళాలు మెలిపడతాయి. తల ఎత్తేముందు మోకాళ్ళ కింద మెత్త పెడితే ఈ జారుడు తగ్గుతుంది. జారిన మనిషిని చంకల్లో చెయ్యేసి పైకి ఈడవద్దు. కింద మడిచిన దుప్పటి వేసి, ఇద్దరు చెరోవైపు పట్టి, లేపి జరపాలి. "అత్తమ్మా, పైకి జరుపుతున్నం" అని ముందే చెప్పండి. బిగుసుకోకుండా ఉంటారు, చేతనైనంత సాయమూ పడతారు.

చార్టులో "తిప్పాం" అని టిక్ పెట్టడం మానేసి ఇలా రాయండి:

రాత్రి 10 – ఎడమ – చెయ్యి పోయింది – ఎరుపు లేదు
రాత్రి 12 – కుడి – చెయ్యి పోయింది – ఎడమ తుంటి కొంచెం ఎరుపు, 20 నిమిషాల్లో పోయింది

వారం రాస్తే ఏ పక్క పడుకోబెడితే ఎరుపు ఎక్కువసేపు ఉంటోందో మీకే తెలుస్తుంది. ఆ పక్కకు గంట, గంటన్నర కన్నా ఎక్కువ ఉంచకండి. ఎరుపు పోనిచోట అయితే అది తగ్గేదాకా అసలు బరువు పెట్టొద్దు.

లక్షణం: రాత్రి బాగానే చూస్తున్నాం, ఎరుపు సాయంత్రానికి కనబడుతోంది

అందరి టెన్షనూ రాత్రి గురించే. వరంగల్ దగ్గరి నర్సంపేట, పరకాల వైపు పల్లెల్లో పత్తి ఏరే రోజుల్లో అసలు ఖాళీ పగలు పడుతుంది. పొద్దున తిప్పి, తినిపించి, అందరూ చేనుకు పోతారు. మళ్ళీ తిప్పేది మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడే. మేడారం జాతరకో, పెళ్ళికో ఇల్లంతా కదిలి ఒక్కరే మిగిలినప్పుడూ అంతే. దానికి ఉపాయం మనుషులను సర్దుకోవడమే. పక్కింటివాళ్ళకు ఆ అరచెయ్యి పరీక్ష ఒకసారి చేసి చూపించండి, ఫలానా టైముకు రమ్మనండి.

రాత్రికి మాత్రం కొంచెం వెసులుబాటు ఉంది. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లోని 942 మందిని మంచి ఫోమ్ పరుపుల మీద 2, 3, 4 గంటలకోసారి తిప్పి చూశారు. పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది దూది పరుపుకో, నవారు మంచానికో వర్తించదు. తోలు శుభ్రంగా ఉండి, పరుపు మంచిదైతే, రాత్రి గడువు పెంచొచ్చా అని మీ డాక్టర్‌నో నర్సునో అడగండి. చూసుకునే మనిషికీ నిద్ర కావాలి కదా.

లక్షణం: ఎయిర్ బెడ్ కొన్నా పుండు పడింది

ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం తగ్గిస్తారు. మొదటి కారణం ఇదే. ఆ తర్వాత వరుసగా చూడండి. ఎయిర్ బెడ్‌కూ కింది పరుపుకూ మధ్య, నడుము ఉన్నచోట చెయ్యి పెట్టండి. పైన కనీసం అంగుళం మందం గాలి ఉండాలి, ఎముక తగలకూడదు. తగిలితే పంపు మీది మరను మనిషి బరువుకు సరిపడా తిప్పండి, పైపు మంచం కాలి కింద నలిగిందేమో చూడండి. పైన ఒక్క పల్చటి దుప్పటి, వదులుగా వేయాలి. రబ్బరు షీటు, దాని మీద బొంత, దాని మీద చీర మడత వేస్తే గాలి పరుపు ఉన్నా లేనట్టే. కరెంటు పోయినప్పుడు పంపు ఆగి గాలి దిగుతుంది, ఎండాకాలం మరీ కష్టం. ఇన్వర్టర్ లైన్ ఉంటే పంపును దానికే పెట్టండి.

మధ్యలో బొక్క ఉండే గాలి రింగు ఇంకా కొంటూనే ఉన్నారు. వద్దు. అంచు చుట్టూ ఒత్తిడి పెంచి మధ్యకు రక్తం రానివ్వదు. గ్లవ్స్‌లో నీళ్ళు నింపి మడమ కింద పెట్టడమూ అంతే. మడమకు చేయాల్సింది చాలా సులువు: పిక్క కింద పొడుగ్గా మెత్త పెట్టి, మడమ గాలిలో తేలేలా ఉంచండి. కింద కాగితం దూర్చితే తగలకుండా పోవాలి.

లక్షణం: వాచీలో, కెమెరాలో కదులుతున్నట్టే ఉంది

దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు గదిలో కెమెరా పెట్టిస్తాడు, బాపు చేతికి స్మార్ట్ వాచీ కడతాడు. పక్షవాతం మనిషి బాగున్న చెయ్యి రోజంతా ఆడిస్తూనే ఉంటాడు. వాచీ ఆ చేతిని లెక్కపెడుతుంది, నడుము గురించి దానికేం తెలుసు. కెమెరాకు దుప్పటి కింద ఏముందో కనబడదు. హాస్పిటళ్ళలో వాడే సెన్సార్ ఛాతీకి అంటించేది. ఒళ్ళు ఎన్ని డిగ్రీలు తిరిగింది, ఎంతసేపు ఆగింది అన్నది చూస్తుంది. అమెరికాలో దాదాపు 1,300 మంది ఐసీయూ రోగులకు దాన్ని పెట్టి చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. సెన్సార్ సమాచారం కనబడిన నర్సుల దగ్గర తిప్పే వేళలు 67 శాతం సరిగా పాటించారు, కనబడనివాళ్ళ దగ్గర 54 శాతం. పుండ్లు పడింది కనబడినచోట 0.7 శాతం మందికి, కనబడనిచోట 2.3 శాతం మందికి. తిప్పింది రెండుచోట్లా మనుషులే, సెన్సార్ గుర్తుచేసింది అంతే. పైగా అది కూడా ఛాతీనే చూస్తుంది కాబట్టి అరచెయ్యి పరీక్ష దానికీ తోడుండాలి. కెమెరా వృథా ఏం కాదు. కొడుకు అలారం టైముకు ఫోన్ చేసి "చెయ్యి పెట్టి చూశావా" అని అడిగితే, అదే మంచి సెన్సార్.

లక్షణం: ఎవరూ అనుకోనిచోట గీతలాగా పుండు

మొలతాడు. దానికి కట్టిన తాయెత్తు, ముడి నడుము కింద నలిగి తోలులో దిగబడతాయి. తెంపనివ్వకపోతే వదులు చేసి, ముడిని పొట్ట వైపు తిప్పండి. మూత్రం పైపు తొడ కింద, ఆక్సిజన్ పైపు చెవి వెనక, నైటీ గుండీలు వీపు కింద ఉంటాయి. తిప్పిన ప్రతిసారీ వీటినీ జరపండి.

పిర్రల మడతల్లో, తొడల మధ్య వెడల్పుగా ఎర్రబడి చిట్లితే అది ఎక్కువగా తడి వల్ల. డైపర్ గంటల తరబడి ఉంచొద్దు. కడిగి, అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ పల్చగా రాయండి. కుర్చీలో కూర్చోబెడితే 15–30 నిమిషాలకోసారి ఒక పక్కకు ఒరిగించి బరువు మార్చాలి. గుడ్లు, పప్పు, పెరుగు, పాలు బాగా పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత పెట్టాలో డాక్టర్‌నే అడగాలి. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి.

తోలు చిట్లిందంటే

ఎముక మీద ఎర్రబడిన తోలుకు మాలిష్ చేయొద్దు. పుండులో పసుపు, పౌడర్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు. సెలైన్‌తో కడిగి శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, దగ్గరి పీహెచ్‌సీలో చూపించండి. కదల్చలేని మనిషికి ఇంటికే వచ్చి చూసే పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) బృందం మీ జిల్లాలో ఉందేమో ఆశా కార్యకర్తను అడగండి. మడమ మీద ఎండి గట్టిగా ఉన్న నల్లటి పొక్కును గోటితో లేపొద్దు. జ్వరం, దుర్వాసన, చీము, చుట్టూ వాపు, లోతుగా ఎముక కనబడడం, మనిషి మగతగా ఉండడం, వీటిలో ఏది ఉన్నా ఆగకుండా హాస్పిటల్‌కు తీసుకెళ్ళండి. ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్‌కు రావాలంటే దారిలో గంటల ప్రయాణం ఉంటుంది. పుండు ఉన్న చోటు కింద పడకుండా పక్కకు పడుకోబెట్టండి, మెత్తలు వెంట తెచ్చుకోండి, మధ్యలో బండి ఒకసారి ఆపి పక్క మార్చండి. ఓపీ వరుసలో స్ట్రెచర్ మీద ఆగాల్సి వచ్చినా అక్కడా మారుస్తూ ఉండండి.