మహమ్మారి పోయినా మనసు కుదుటపడకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొవిడ్ తొలి ఏడాదిలోనే ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో వెల్లడించింది. యువత, మహిళలు ఎక్కువగా దెబ్బతిన్నారు. 2023 మేలో అత్యవసర పరిస్థితిని ఎత్తేసినా చాలామందిలో ఆ గుబులు అలాగే ఉండిపోయింది. ఇలాంటివారికి ధైర్యం చెప్పి వదిలేస్తే లాభం లేదు. ఒకరిని ఒంటరితనం తింటుంది, ఇంకొకరిని అప్పు, మరొకరిని నిద్రలేమి. కారణం ఏదో తెలిస్తేనే మందు దొరుకుతుంది.

ముందు ఒక వారం పాటు రాసుకోండి. పడుకున్న వేళ, లేచిన వేళ, వార్తలు ఎంతసేపు చూశారు, ఎవరితో మనసు విప్పి మాట్లాడారు, రాత్రికి దిగులు పదికి ఎంత. వారం తిరిగేసరికి దిగులు దేని వెంట పెరుగుతోందో చాలావరకు కాగితం మీదే కనిపిస్తుంది.

నిద్ర చెడితే పడుకునే వేళను కాదు, లేచే వేళను ముందు బిగించండి. సెలవు రోజైనా అదే వేళకు లేవాలి. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట వెలుగులో గడపండి. పడుకున్నాక ఇరవై నిమిషాలకీ నిద్ర పట్టనట్టు అనిపిస్తే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోండి. వార్తలు రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున చాలు.

నీరసం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. డిప్రెషన్‌లో పని చేయబుద్ధి కాదు. కాస్త కదిలితే మాత్రం తేలికపడుతుంది. వైరస్ తర్వాత మిగిలే నీరసంలో చేయాలనే ఉంటుంది, చేసినప్పుడు బాగానే ఉంటుంది, ఆ మర్నాడో ఎల్లుండో కుప్పకూలిపోతారు. మొదటివారికి రోజూ నడక మేలు చేస్తుంది. రెండోవారిని బలవంతంగా నడిపిస్తే ఇంకా దిగజారుతారు. వాళ్లు పనిని ముక్కలు చేసుకుని, అలసట రాకముందే ఆగాలి. రెండూ కలిసి ఉండే వీలూ ఉంది. ఏదో తేలకపోతే డాక్టర్‌తో మాట్లాడి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. వాటిలో తేడా ఉన్నా ఇలాంటి నీరసమే వస్తుంది.

జనంలోకి వెళ్లాలంటే భయమా? తక్కువ భయపెట్టే చోటుతో మొదలుపెట్టి, భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండండి. గుండె దడదడలాడుతున్నప్పుడే వెనక్కి వచ్చేస్తే, పారిపోవడం వల్లే బతికానని మెదడు నేర్చుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకా పెరుగుతుంది.

ఆత్మీయులను కడచూపు చూడలేకపోయినవారి దుఃఖం వేరు. ఏళ్లు గడిచినా సరే, నలుగురినీ పిలిచి ఆ వ్యక్తి గురించి మాట్లాడుకోండి. జరగని వీడ్కోలు ఇప్పుడైనా జరగాలి. ఏడాది దాటినా రోజువారీ పనులు సాగనివ్వనంతగా దుఃఖం పట్టి ఉంటే దానికి ప్రత్యేకమైన చికిత్స ఉంది.

రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, దిగులు మరిచిపోవడానికి తాగుడు పెరుగుతున్నా మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలనిపిస్తోందా అని ఇంట్లోవాళ్లు సూటిగానే అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే మందులు, పురుగుమందులు అందకుండా తీసేసి, వారిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.